ఇరుకు గుమ్మం దగ్గర ఏం పెట్టాలి, ఎంత లోతులో పెట్టాలి: కొలతలతో సహా పూర్తి మార్గదర్శి

తలుపు తీయగానే మూడు, నాలుగు అడుగుల వెడల్పుతో సన్నటి నడవ తగిలే ఇల్లు మీదైతే, అక్కడికి ఏ సామాను కొన్నా ముందు చూడాల్సింది దాని లోతు. అంటే అది గోడ నుంచి ఎంత ముందుకు వస్తుందన్నది. మనందరం పొడవు చూస్తాం, ఎత్తు చూస్తాం, చెక్క రంగు బాగుందా లేదా చూస్తాం, లోతు మాత్రం ఇంటికి తెచ్చాక గుర్తొస్తుంది. రోజుకు పదిసార్లు తిరిగే దారిలో రెండు అంగుళాలు ఎక్కువైనా సంచి తగులుతుంది, మోచెయ్యి గీసుకుంటుంది, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ అందం గురించి చెప్పేటప్పుడు కూడా లోతు లెక్క వదలను.

ముందు ఏం చేరుతోందో చూడండి

ఏదీ కొనకుండా ఒక వారం మామూలుగా ఉండండి. సర్దకండి. వారం తర్వాత గుమ్మం దగ్గర ఏమేం పోగుపడ్డాయో కాగితం మీద రాయండి: ఎన్ని జతల చెప్పులు, ఎన్ని సంచులు, హెల్మెట్టు, గొడుగులు, తాళాలు, పార్సిల్ డబ్బాలు, పిల్లల సైకిలు. మీ గుమ్మానికి నిజంగా కావాల్సింది ఆ జాబితాయే. ఫొటోల్లో చూసిన సన్నటి బల్ల, దాని మీద పూలకూజా మీ జాబితాలో లేకపోతే అది మీ ఇంటికి అవసరం లేదు. నాలుగు జతల బూట్లున్న ఇంటికీ పద్నాలుగు జతలున్న ఇంటికీ ఒకే సలహా పనికిరాదు.

రాసిన జాబితాలో రోజూ వాడేవి ఒక పక్క, ఎప్పుడో వాడేవి ఒక పక్క విడదీయండి. ఎప్పుడో వాడేవన్నీ లోపలి గదుల్లోకి పోవాలి. మనిషికి రెండు జతలు మాత్రమే గుమ్మం దగ్గర, మిగతావి బెడ్‌రూమ్ అలమరలో అని ఇంట్లో అందరితో ఒప్పించుకుంటే సగం పని ఖర్చు లేకుండా అయిపోయినట్టే.

టేపు పట్టుకుని కొలవండి

నడవ వెడల్పును మూడు చోట్ల కొలవండి: తలుపు దగ్గర, మధ్యలో, చివర. గోడలు తిన్నగా ఉన్నాయనుకుంటాం కానీ చాలా ఇళ్లలో అర అంగుళం, అంగుళం తేడా ఉంటుంది. మూడింట్లో తక్కువ వచ్చినదే మీ కొలత. దాన్ని కూడా గోడ దగ్గర కాకుండా, కింద స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) నుంచి స్కర్టింగ్‌కి తీసుకోండి. తర్వాత తలుపు రెక్క ఎటు తెరుచుకుంటుంది, పూర్తిగా తెరిస్తే ఎంత జాగా తీసుకుంటుంది, పిడి గోడకు ఎంత దూరంలో ఆగుతుంది అన్నవి చూడండి. స్విచ్‌బోర్డులు, కాలింగ్ బెల్ డబ్బా, కరెంటు మీటరు ఎక్కడున్నాయో కూడా అదే కాగితం మీద గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. సంచులు పట్టుకున్న మనిషి ఇబ్బంది లేకుండా నడవాలంటే కనీసం మూడు అడుగులు, అంటే 36 అంగుళాలు, ఖాళీగా ఉండాలి. చక్రాల కుర్చీ వెళ్లే దారికి అమెరికాలో వికలాంగుల చట్టం (ఏడీఏ) కింద కట్టడాలకు పెట్టిన 2010 ప్రమాణాలు అడిగేది కూడా సుమారుగా ఇంతే. మీ నడవ 44 అంగుళాలుంటే సామానుకు మిగిలేది 8 అంగుళాలు. 40 ఉంటే 4 అంగుళాలే. 36 కంటే తక్కువుంటే నేల మీద ఏమీ పెట్టొద్దు, అంతా గోడ మీదికి, తల పైకి పోవాలి.

అయితే ఈ లోతు అన్ని ఎత్తుల్లోనూ ఒకటే కాదు, ఇరుకు ఇళ్లవాళ్లకు కలిసొచ్చేది ఇదే. మనిషికి జాగా ఎక్కువ కావాల్సింది భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, సంచి వేలాడే నడుం దగ్గర. మోకాలి కింద కాళ్లకు అంత వెడల్పు అక్కర్లేదు. తల పైన అసలే అక్కర్లేదు. కాబట్టి లోతైన సామానును కిందికి గానీ పైకి గానీ తోసేసి, మధ్య భాగంలో గోడను వీలైనంత చదునుగా వదిలేయండి. పైన చెప్పిన ప్రమాణాల్లోనే, నేల నుంచి 27 అంగుళాల పైన, 80 అంగుళాల లోపల గోడకు బిగించినవి దారిలోకి 4 అంగుళాలకు మించి పొడుచుకు రాకూడదని ఉంది. చేతికర్రతో నడిచే చూపులేనివారికి తగలకూడదని పెట్టిన నియమం అది. ఇంట్లో ఎవరూ మనల్ని తనిఖీ చేయరు, కానీ ఆ కొలత ఎవరి భుజానికైనా సరిగ్గా సరిపోతుంది.

కొనకముందే అట్టతో వేసి చూడండి

పార్సిల్ డబ్బాలు ఉంటాయిగా, వాటిని విప్పి, మీరు కొనాలనుకుంటున్న అలమర పొడవు, ఎత్తు, లోతులకు మడిచి గోడకు ఆనించి నిలబెట్టండి. నేల మీద మాస్కింగ్ టేపుతో దాని అంచు గీయండి. రెండు మూడు రోజులు అలాగే ఉంచి తిరగండి. చేతిలో బరువైన సంచితో రండి, పిల్లాణ్ణి ఎత్తుకుని రండి, రాత్రి లైటు వేయకుండా రండి. అట్ట ఎక్కడ నలిగిందో చూస్తే మీకే తెలుస్తుంది. అలమర తలుపులు, సొరుగులు తెరిచినప్పుడు ఎంత ముందుకు వస్తాయో కూడా ఇప్పుడే చూడాలి. మూసినప్పుడు 8 అంగుళాలున్నది తెరిస్తే అడుగుంపావు అవుతుంది, దాని ముందు మీరు నిలబడి వంగాలి కూడా.

ఏ గోడ?

ఒక్క గోడే ఎంచుకోండి. రెండు వైపులా పెడితే సొరంగంలా తయారవుతుంది. సామాన్యంగా తలుపు రెక్క వెళ్లి ఆనే గోడను ఖాళీగా వదిలి, ఎదుటి గోడకు సామాను పెట్టాలి. తలుపు వెనక మిగిలే సందు పనికొస్తుందని అక్కడ కొక్కేలు కొడతారు, రెండు సంచులు తగిలించగానే తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఉన్నదే చిన్న దారి, దాంట్లో తలుపు ముప్పావే తెరుచుకుంటే ఫ్రిజ్జు, మంచం లాంటివి లోపలికి తేవడం కూడా కష్టం. ఆ సందులో పెట్టదగ్గది పిడి గోడకు కొట్టుకోకుండా ఆపే రబ్బరు స్టాపర్ ఒక్కటే.

చెప్పులు, బూట్లు

గుమ్మం దగ్గర గొడవంతా ఇక్కడే. పెద్దవాళ్ల బూటు పొడవు 11, 12 అంగుళాలు ఉంటుంది కాబట్టి, చెప్పులు చదునుగా పెట్టే మామూలు స్టాండుకు 12, 13 అంగుళాల లోతు తప్పదు. ఇరుకు నడవలో అది కుదరదు. అరలు ఏటవాలుగా ఉండి, మడమలు పైకి, ముందు భాగం కిందికి వచ్చేలా పెట్టే స్టాండైతే 9, 10 అంగుళాలకు దిగుతుంది. ఇంకా సన్నంగా కావాలంటే ముందు పలక కిందికి వంగి తెరుచుకునే షూ క్యాబినెట్ తీసుకోండి. దాంట్లో బూట్లు దాదాపు నిలువుగా నిలబడతాయి, లోతు 7 నుంచి 9 అంగుళాలతో సరిపోతుంది. నాలుగు అడుగుల నడవకు నేను మరో ఆలోచన లేకుండా చెప్పేది ఇదే.

దీన్ని కొనే ముందు రెండు చూడాలి. ఇంట్లో అందరికంటే పెద్ద పాదం ఉన్నవాళ్ల బూటు పట్టుకెళ్లి లోపల పెట్టి మూసి చూడండి. చీలమండ దాకా వచ్చే బూట్లు చాలా వాటిలో పట్టవు. రెండోది స్కర్టింగ్. గోడ అడుగున స్కర్టింగ్ అర అంగుళం ముందుకు ఉంటుంది, క్యాబినెట్ వెనక భాగం చదునుగా ఉంటే అది గోడకు పూర్తిగా ఆనదు, వెనక సన్నటి సందు మిగిలి తాళంచెవులు, కాగితాలు అందులో పడిపోతుంటాయి. వెనక కింది మూలల్లో స్కర్టింగ్ కోసం కోత ఉన్నది చూసుకోండి, లేకపోతే వడ్రంగితో ఆ మేరకు కోయించండి. ఇంత సన్నటి సామాను దానంతటది నిలవదు. నిండా బూట్లున్న తలుపు ముందుకు వంచగానే మొత్తం మీదికి పడొచ్చు, పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. గోడకు స్క్రూలతో బిగించకుండా ఒక్క పూట కూడా వాడొద్దు.

కుదిరితే దాన్ని నేలకు ఆనించకుండా 6, 7 అంగుళాల ఎత్తులో గోడకు బిగించండి. కింద రోజువారీ చెప్పులు దూరుతాయి, చీపురు సాఫీగా వెళ్తుంది, పైగా నేల గోడ దాకా కనిపించడం వల్ల నడవ వెడల్పుగా అనిపిస్తుంది. ఈ చివరిది మాటవరసకు చెప్పడం లేదు, ఏ ఇరుకు గదిలోనైనా నేల ఎంత కనిపిస్తే అంత విశాలంగా తోస్తుంది. తడిసిన బూట్లు మాత్రం లోపల మూసి పెట్టకండి, వాసన, బూజు రెండూ వస్తాయి. అంచు లేచిన ఒక రబ్బరు ట్రే కింద పెట్టి, ఆరాకే లోపలికి.

కొక్కేలు

కొక్కెం గోడ నుంచి రెండు అంగుళాలే వస్తుంది కదా అని దారి మధ్యలో కొట్టేస్తారు. దానికి కోటు తగిలిస్తే ఆరేడు అంగుళాలు, పుస్తకాలున్న స్కూల్ బ్యాగు తగిలిస్తే పది అంగుళాలు. అదీ సరిగ్గా భుజం ఎత్తులో, ఎక్కడైతే గోడ చదునుగా ఉండాలని చెప్పుకున్నామో అక్కడే. కాబట్టి కొక్కేన్ని దానికి వేలాడే సామానుతో కలిపి కొలవండి. వాటిని నడవ చివర మూలలోనో, జనం తిరగని వైపో పెట్టండి. నడవ మరీ ఇరుకైతే బరువు సంచులకు కొక్కేలు మానేసి లోపలి గదిలో చోటు చూపించండి, ఇక్కడ గొడుగు, టోపీ, పల్చటి జాకెట్ మాత్రమే.

పెద్దవాళ్లకు 5 నుంచి 5.5 అడుగుల ఎత్తు, పిల్లలకు 3 నుంచి 3.5 అడుగులు. పిల్లలకు అందే కొక్కెం ఉంటే బ్యాగు నేల మీద పడేయరు, అందకపోతే మీరెంత చెప్పినా లాభం లేదు. ఒక్కోదానికి మధ్య 6 నుంచి 8 అంగుళాల ఎడం వదలండి. మనిషికి ఒకటి, వచ్చేవాళ్లకు ఒకటి, అంతే. ఎన్ని కొడితే అన్నీ నిండిపోతాయి.

విడివిడిగా గోడకు కొట్టడం కంటే నాలుగు అంగుళాల వెడల్పున్న చెక్క పలకను మూడు నాలుగు గట్టి స్క్రూలతో బిగించి, దాని మీద కొక్కేలు పెట్టుకోవడం మంచిది. బరువు మొత్తం పలక పంచుకుంటుంది, రేపు ఒకటి అటు జరపాలన్నా గోడకు మళ్లీ కన్నం అక్కర్లేదు.

తల పైన, అంటే 6 అడుగుల 8 అంగుళాలు దాటాక, ఒక పొడవాటి అర వేయించుకోండి. అక్కడ 12 అంగుళాల లోతున్నా ఎవరికీ తగలదు. హెల్మెట్లు, ప్రయాణాల సంచులు, కాలానికి అక్కర్లేని గొడుగులు అన్నీ పైకెళ్తాయి. ఆ అర కింది వైపుకు గోడ రంగే వేస్తే పెద్దగా కనిపించదు.

తాళాలు, చిల్లర మల్లర

మూడు అడుగుల ఎత్తులో 4 అంగుళాల లోతున్న సన్నటి అర ఒకటి చాలు. ముందు అంచు కాస్త లేచి ఉంటే వస్తువులు జారవు, మూలలు గుండ్రంగా ఉంటే ఎవరికీ గుచ్చుకోవు. షూ క్యాబినెట్ పెట్టి ఉంటే దాని పైభాగమే సరిపోతుంది, వేరే అర వద్దు. అక్కడ తాళాలకు ఒక చిన్న పళ్లెం పెట్టండి. పెద్ద బుట్ట పెడితే నెల తిరిగేలోపు పాత రసీదులతో నిండిపోతుంది.

కూర్చోవడానికి

బూట్ల లేసులు కట్టుకోవాలన్నా, ఇంట్లో పెద్దవాళ్లున్నా కూర్చునే చోటు అవసరం. ఎత్తు 17, 18 అంగుళాలు, లోతు కనీసం 12. మనిషి మోకాలి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నడవ 48 అంగుళాలుంటే బల్ల పట్టేస్తుంది. అంతకంటే ఇరుకైతే గోడకు మడిచిపెట్టే సీటు వేయించుకోండి, మడిస్తే మూడు నాలుగు అంగుళాలే ఉంటుంది. ఇటుక గోడకో కాంక్రీటు గోడకో అయితేనే, పల్చటి జిప్సం బోర్డు గోడకు మాత్రం వద్దు. అదీ కుదరకపోతే పెద్దవాళ్లు పట్టుకుని నిలబడి చెప్పులు వేసుకోవడానికి గోడకు నిలువుగా ఒక గట్టి పిడి బిగించండి. చాలా మందికి తట్టదు కానీ ఖరీదైన బల్ల కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేల

డోర్ మ్యాట్ చిన్నదైతే ఒక కాలే పడుతుంది. తలుపు వెడల్పులో కనీసం ముప్పావు వంతు ఉండేలా చూసుకోండి. బయట దుమ్ము గీకే గరుకు మ్యాట్, లోపల తడి పీల్చేది, రెండూ ఉంటేనే పని జరుగుతుంది. లోపలి మ్యాట్ కొనే ముందు తలుపు కింద ఎంత సందుందో చూడండి, అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి తలుపు తిప్పితే తెలిసిపోతుంది. పొడవాటి రన్నర్ (సన్నటి తివాచీ) పరచాలనుకుంటే రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు నేల కనిపించాలి. గోడ నుంచి గోడకు నింపితే దారి ఇంకా ఇరుకవుతుంది. అడ్డచారలు వెడల్పును చూపిస్తాయి, నిలువు చారలు పొడవును, మీకు ఏది లోటో అది ఎంచుకోండి. కింద జారకుండా రబ్బరు ప్యాడ్ తప్పనిసరి.

లైటు

పైకప్పు మధ్యలో ఒక్క బల్బు ఉంటే మూలలు చీకటిగా, ముఖాల మీద నీడలతో గుహలా ఉంటుంది. పొడవాటి నడవకు ఒక పెద్ద లైటు కంటే వరుసగా రెండు మూడు చిన్నవి మేలు, అవి గోడ మీద వెలుగు పడేలా కాస్త పక్కకు ఉంటే ఇంకా మంచిది. గోడ వెలిగితేనే కంటికి వెడల్పు కనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్న వెచ్చటి రంగు తీసుకోండి. గోడ లైట్లయితే 4 అంగుళాలకు మించి ముందుకు రానివి. రెండు చేతుల్లో సామాన్లతో వచ్చేవాళ్లకు మోషన్ సెన్సర్ నిజంగా వరం. తలుపు తెరుచుకోగానే పసిగట్టే చోట పెట్టించండి, తలుపు రెక్క వెనక దాక్కుంటే లాభం లేదు.

రంగు

పక్క గోడలకు లేత రంగు, వెలుగును తిప్పి కొట్టేది. ఎదురుగా చివర కనిపించే గోడకు కాస్త ముదురు రంగు వేస్తే అది దగ్గరికి జరిగినట్టు అనిపించి, పొడవాటి నడవ పొట్టిగా కనిపిస్తుంది. పక్క గదుల తలుపులు, ద్వారబంధాలు గోడ రంగులోనే ఉంటే ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే గోడలా ఉంటుంది. సంచులు, చేతులు రాసుకునే చోటు కాబట్టి తుడిస్తే మరక పోయే శాటిన్ ఫినిష్ అడగండి. మరీ మెరిసేది వేస్తే గోడ ఎగుడుదిగుళ్లన్నీ లైటు పడగానే బయటపడతాయి.

అద్దం

అద్దాన్ని పక్క గోడకు పెట్టండి, నడవ చివర గోడకు కాదు. చివర పెడితే సొరంగం రెండింతలు పొడవవుతుంది. పక్క గోడకు పెట్టినా దానికి ఎదురుగా కిటికీ, లైటు, తెరిచిన గది ఏదో ఒకటి ఉండాలి. ఎదురుగా చెప్పుల గుట్ట ఉంటే గుట్ట రెండవుతుంది.

నిలువెత్తు అద్దమే కావాలని అనుకోనక్కర్లేదు. సమతల అద్దంలో మన నిలువెత్తు రూపం కనిపించడానికి మన ఎత్తులో సగం ఎత్తున్న అద్దం చాలు, మీరు ఎంత దూరంలో నిలబడ్డా ఇదే లెక్క. ఐదున్నర అడుగుల మనిషికి రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. దాని కింది అంచు మీ కంటి ఎత్తులో సగానికి, అంటే నేల నుంచి సుమారు 31 అంగుళాలకు రావాలి. ఇంట్లో పొట్టి, పొడుగు అందరూ ఉంటారు కాబట్టి పైనా కిందా కొన్ని అంగుళాలు కలుపుకుని మూడున్నర అడుగులది తీసుకోండి. అద్దం కింద షూ క్యాబినెట్ ఉంటే కాళ్లు కనిపించవు, అది అడ్డొస్తుంది. బూట్లు కూడా కనిపించాలంటే ఖాళీ గోడ మీద పెట్టాలి.

బొమ్మలు, మొక్కలు

పది చిన్న ఫ్రేముల కంటే ఒక్క పెద్ద బొమ్మ బాగుంటుంది, లేదా ఒకే సైజువి మూడు, మధ్య భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా. ఫ్రేము పల్చగా ఉండాలి, అద్దాలు పగలకుండా అక్రిలిక్ వేయించుకోవచ్చు. మొక్కల్లో తక్కువ వెలుతురుకు తట్టుకునేవి మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్. స్నేక్ ప్లాంట్ నిలువుగా పెరుగుతుంది కాబట్టి ఇరుకు మూలకు సరిగ్గా సరిపోతుంది. కరెంటు మీటరు డబ్బాను ఫ్రేముతో మూయాలనుకుంటే బందులతో తెరుచుకునేలా చేయించండి, స్క్రూలతో బిగించేసి దాచొద్దు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇక్కడ ఛార్జింగ్ పెట్టకండి, మంట లేస్తే బయటపడే దారే మూసుకుపోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

అట్టతో వేసి చూడటం అయ్యాకే కరెంటు పని, ఎందుకంటే లైటు, ప్లగ్గు ఎక్కడ కావాలో అప్పుడే తెలుస్తుంది. తర్వాత లప్పం, రంగు. ఆ తర్వాత పై అర, షూ క్యాబినెట్, కొక్కేల పలక. అద్దం, బొమ్మలు ఆఖరున. గోడకు డ్రిల్లు పెట్టే ముందు స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయో చూడండి. వైర్లు సామాన్యంగా వాటి నుంచి నిలువుగా పైకో కిందికో, లేదా అడ్డంగా తిన్నగా వెళ్తాయి, ఆ గీతల మీద కన్నం వద్దు. ఇటుక, కాంక్రీటు గోడలకు కన్నంలో ప్లాస్టిక్ ప్లగ్గు వేసి స్క్రూ. జిప్సం బోర్డు అయితే వెనక ఫ్రేము ఉన్న చోటే బిగించాలి, లేదంటే వెనక విచ్చుకునే టోగుల్ యాంకర్లు వాడాలి.

అద్దె ఇల్లయితే కన్నాలు కుదరవు కదా అంటారు. పలుచటి వాటికి అంటించే కొక్కేలు పనిచేస్తాయి, ప్యాకెట్ మీద రాసిన బరువులో సగమే వేలాడదీయండి. అంటించే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, ముప్పై సెకన్లు గట్టిగా అదిమి పట్టి, గంటసేపు ఏమీ తగిలించకుండా వదిలేయాలి. సున్నం రాలే గోడకు అవి నిలవవు. షూ క్యాబినెట్ విషయంలో మాత్రం ఇంటి ఓనరును అడిగి రెండు కన్నాలకు ఒప్పించండి, ఖాళీ చేసేటప్పుడు కాస్త లప్పం పెట్టి రంగు అద్దితే పోతాయి. ఒప్పుకోకపోతే నిలువు క్యాబినెట్ మానేసి, మోకాలి ఎత్తు దాటని ఏటవాలు స్టాండు తీసుకోండి, అంత పొట్టిది తేలిగ్గా పడిపోదు.